సంచి డిక్కీలో పెట్టకండి

సెలవులు వస్తున్నాయి. దారిన పోయే బండి ఆపి, లిఫ్టు అడుగుతూ ఊళ్ళు తిరుగుదామనుకునేవాళ్ళు బయలుదేరే కాలం ఇదే. ఈ మధ్యే తెలిసినవాళ్ళ అబ్బాయి ఒకడు పెట్రోలు బంకులో బాత్రూముకు వెళ్ళి వచ్చేసరికి, తనను ఎక్కించుకొచ్చిన కారు అక్కడ లేదు. పాస్‌పోర్టు, బ్యాంకు కార్డులు, రోజూ వేసుకునే మందులు అన్నీ ఆ కారు డిక్కీలోనే ఉండిపోయాయి. బండి నంబరు కూడా చూసుకోలేదు. జాలిపడ్డవాళ్ళకు నేను చెప్పింది ఒకటే: పోయింది సంచి, మనిషి కాదు.

తాగినవాడి బండి ఎక్కవద్దు, చీకటి పడ్డాక రోడ్డు మీద నిలబడవద్దు అని చెప్పడానికి నేను అక్కర్లేదు. అవి మీ ఇంట్లోవాళ్ళు ఈపాటికి నాలుగుసార్లు చెప్పి ఉంటారు. వాళ్ళు చెప్పనిది ఈ డిక్కీ సంగతి.

సంచి డిక్కీలో పెడితే దొంగతనం జరగవచ్చు, అది చిన్న నష్టం. అసలు నష్టం వేరే ఉంది. ప్రయాణం మధ్యలో డ్రైవరు మాటతీరు మారింది, లేదా చెప్పిన దారి వదిలి బండి పక్కకు మళ్ళింది అనుకోండి. కాసేపటికి సిగ్నల్ దగ్గర ఆగింది. తలుపు తీసుకుని దిగిపోవలసిన క్షణం అదే. కానీ సామానంతా వెనక ఉంది. ‘ఊరికే అనుమానపడుతున్నానేమో, ఇంకాస్త దూరం చూద్దాం’ అని మనసే సర్దిచెబుతుంది. ఈలోగా పచ్చలైటు పడుతుంది. మొహమాటానికి సామాను తోడైతే మనిషి సీటుకు అతుక్కుపోతాడు. కొంప ముంచేది అదే.

1990 జనవరిలో పాల్ ఆనియన్స్ అనే బ్రిటిష్ యువకుడు సిడ్నీ శివార్లలో లిఫ్టు ఎక్కాడు. హ్యూమ్ హైవే మీద కొంత దూరం పోయాక డ్రైవరు బండి పక్కకు ఆపి తుపాకీ తీశాడు. ఆనియన్స్ సంచీ, పాస్‌పోర్టూ వదిలేసి రోడ్డు మీదికి దూకి పరుగెత్తాడు. మరో వాహనాన్ని ఆపించి ప్రాణాలు దక్కించుకున్నాడు. ఆ డ్రైవరు ఐవన్ మిలాట్. ఇలాగే రోడ్డు మీద తిరుగుతున్న ఏడుగురు యువతీ యువకులను చంపిన నేరానికి 1996లో అతనికి యావజ్జీవ శిక్ష పడింది. ఆనియన్స్ సాక్ష్యం ఆ కేసులో కీలకమైంది. పాస్‌పోర్టు కోసం అతను ఒక్క నిమిషం తటపటాయించి ఉంటే సాక్ష్యం చెప్పడానికి మిగిలేవాడు కాదేమో.

కాబట్టి సంచి ఒళ్ళో గానీ కాళ్ళ దగ్గర గానీ ఉండాలి. మరీ పెద్దదైతే వెనక సీటు మీద. పాస్‌పోర్టు, డబ్బు, ఫోను, మందులు మాత్రం నడుముకు కట్టుకున్న చిన్న సంచిలో ఉండాలి, వాటిని పెద్ద సంచిలోకి మార్చనే కూడదు. డిక్కీ తప్ప చోటు లేదంటే ఆ బండి వదిలేయండి. మరీ తప్పకపోతే, దిగేటప్పుడు మీ తలుపు బార్లా తెరిచి ఉంచి వెనక్కి వెళ్ళండి. తలుపు ఊగుతున్న బండిని ఎవరూ అంత తేలిగ్గా ముందుకు ఉరికించరు. ఇద్దరున్నారా, రెండు సంచులూ నేల మీదికి వచ్చేదాకా ఒకరు సీట్లోనే కూర్చోండి.

నిలబడే చోటు గురించి. వంద కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు సెకనుకు దాదాపు 28 మీటర్లు దూసుకొస్తుంది. డ్రైవరు మిమ్మల్ని చూడాలి, ఎక్కించుకోవాలా వద్దా అని తేల్చుకోవాలి, తర్వాత బ్రేకు వేయాలి. అందుకు చోటు లేని మలుపు దగ్గర నిలబడితే దయగలవాడు కూడా ఆగలేడు, ఆగితే వెనక వచ్చేవాడు గుద్దుతాడు. హైవే మీదికి కలిసే దారి మొదట్లో, లేదా బంకు దగ్గర నిలబడండి. జర్మనీ ఆటోబాన్ల మీద, బ్రిటన్ మోటార్‌వేల మీద కాలినడకే నిషేధం.

బండి ఆగగానే మీ ఊరు చెప్పకండి. ‘మీరు ఎక్కడికి వెళ్తున్నారు?’ అని ముందు మీరే అడగండి. మీ గమ్యం విన్నాక ‘నేనూ అక్కడికే’ అనడం ఎవరికైనా సులువు. వాళ్ళ జవాబు ముందు వింటే, మనిషి నచ్చకపోయినా ‘నాది వేరే దారండీ’ అని మర్యాదగా తప్పుకోవచ్చు. డబ్బు సంగతి కూడా అప్పుడే తేల్చుకోండి. మధ్య ఆసియాలో దారిలో ఎక్కించుకున్నవాడికి ఎంతో కొంత ఇవ్వడం మామూలు విషయం. దిగాక వాదించడం మంచిది కాదు.

ఎక్కే ముందు నంబరు ప్లేటు ఫొటో తీసి, డ్రైవరు చూస్తుండగానే ఇంటికి పంపండి. మంచివాడైతే నవ్వి ఊరుకుంటాడు.

ముందు సీట్లోనే కూర్చోండి. వెనక తలుపులకు చైల్డ్‌లాక్ ఉంటుంది, అది వేసి ఉంటే లోపలి నుంచి తలుపు తెరుచుకోదు. ముందు సీట్లోనైనా తలుపు వేశాక ‘సరిగ్గా పడలేదండీ’ అంటూ లోపలి పిడి లాగి ఒకసారి తెరిచి మళ్ళీ వేయండి. తెరుచుకోకపోతే వెంటనే అద్దం లోంచి చెయ్యి పెట్టి బయటి పిడి లాగి దిగిపోండి. సంచి ఒళ్ళో ఉంటే ఇది రెండు క్షణాల పని. డిక్కీలో ఉంటే కాదు.

సీటుబెల్టు పెట్టుకోండి. దుర్మార్గుడి కన్నా నిద్రమత్తులో ఉన్న డ్రైవరే మీకు ఎక్కువసార్లు తగులుతాడు. తెల్లవారుజామున, మధ్యాహ్నం భోజనమయ్యాక కళ్ళు మూతపడే గంటల్లో మాట్లాడిస్తూ ఉండండి. అతను ఆవులిస్తూ గీత దాటుతుంటే టీ తాగుదామని బండి ఆపించండి.

మీరు మాత్రం నిద్రపోకండి. ఫోనులో మ్యాపు తెరిచి ఉంచండి. మూత తీసిన సీసాలోది తాగకండి. ఎవరిదో పొట్లం మోయకండి. సరిహద్దు వస్తే దిగి, నడిచి దాటండి. ఆ బండిలో ఏది దొరికినా జవాబు చెప్పుకోవలసింది మీరూ. అత్యవసర నంబరు ముందే తెలుసుకోండి: భారత్‌లో, ఐరోపా సమాఖ్య దేశాల్లో 112, అమెరికాలో 911, ఆస్ట్రేలియాలో 000. చేతిలో బస్సు ఛార్జీ ఎప్పుడూ ఉంచుకోండి, అది ఉంటేనే నచ్చని బండిని వద్దనగలరు. నలుగురున్న కారులోకి ఒంటరిగా ఎక్కకండి. దిగాలనిపిస్తే కారణం చెప్పకండి, కడుపులో తిప్పుతోంది అనండి, ఎవడైనా ఆపుతాడు. సంచి డిక్కీలో పెట్టకండి. బంకులో దిగినప్పుడు, బాత్రూముకైనా సరే, సంచి భుజాన వేసుకునే వెళ్ళండి. రాత్రి ఎక్కడ ఉంటారో డ్రైవరుకు చెప్పకండి. దిగాక ఆ కారు కనుమరుగయ్యేదాకా బస వైపు అడుగు వేయకండి.