తాబేలు పిల్లని తేవడానికి ముందే దాని పెట్టె రెడీ చేయండి

ముందుగా ఇండియాలో ఉన్నవాళ్లకి ఒక మాట. మన రాయలసీమ వైపు కనిపించే నక్షత్ర తాబేలుని ఇంట్లో పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం, 2022 సవరణ తర్వాత అది షెడ్యూల్ 1లో ఉంది. అదృష్టం కలిసొస్తుందని ఎవరైనా తెచ్చిచ్చినా తీసుకోకండి. ఇప్పటికే ఇంట్లో ఉంటే అటవీ శాఖకి అప్పగించండి.

ఇది యూకేలో ఉంటూ, పిల్లలు అడుగుతున్నారని హెర్మన్ తాబేలు పిల్లని కొనాలనుకుంటున్న మనవాళ్ల కోసం రాస్తున్నాను. ఇక్కడ అమ్మేవాళ్లు ఆర్టికల్ 10 సర్టిఫికెట్, అంటే ఆ తాబేలుని చట్టప్రకారం అమ్మొచ్చని చెప్పే పత్రం, ఇవ్వాలి, అది చేతికి రాకుండా డబ్బు కట్టొద్దు. ఒక్కదాన్నే తీసుకోండి. రెండుంటే తోడుగా ఉంటాయని మనకి అనిపిస్తుంది కానీ బలంగా ఉన్నది రెండోదాన్ని తిననివ్వదు, వెచ్చటి చోటుకి రానివ్వదు.

ఈ తాబేళ్లది దక్షిణ యూరప్, మధ్యధరా తీరం. ఎండ ప్రాంతం కదా అని చాలామంది పొడి మట్టి పోసి, పైన వేడి బల్బు పెట్టి వదిలేస్తారు, అసలు నష్టమంతా అక్కడే జరుగుతుంది. అడవిలో పిల్ల తాబేళ్లు రోజంతా ఎండలో తిరగవు, ఎక్కువసేపు పొదల అడుగున, వేర్ల మధ్య తేమగా ఉండే మట్టిలో దాక్కుంటాయి. పెరిగే వయసులో ఆ తేమ దొరక్కపోతే డిప్ప నున్నగా పెరగకుండా ఒక్కో పెంకూ పిరమిడ్‌లా పైకి లేస్తుంది, ఒకసారి లేచింది మళ్లీ సర్దుకోదు. యాభై ఏళ్లకి పైగా బతికే ప్రాణి, దాని డిప్ప ఎలా ఉండాలో మొదటి రెండు మూడేళ్లలో మనమే తేల్చేస్తాం.

పెట్టె దాదాపు 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు ఉంటే బాగుంటుంది. గాజు అక్వేరియం వద్దు, గాజు అడ్డుందని దానికి అర్థం కాక రోజంతా గోడని గీరుతూనే ఉంటుంది. చెక్క వైవేరియం (ఇలాంటి జంతువుల్ని పెంచే పెట్టె) కొనుక్కోవచ్చు, లేదా పాత పుస్తకాల షెల్ఫ్‌లో అరలు తీసేసి వెల్లకిలా పడుకోబెట్టి లోపల మందపాటి చెరువు లైనర్ (నీళ్లు దిగని షీటు) పరిస్తే చక్కగా సరిపోతుంది. చలికాలంలో సెంట్రల్ హీటింగ్ గదిలో తేమనంతా లాగేస్తుంది కాబట్టి, బల్బు లేని వైపు పైన ప్లైవుడ్ ముక్కతో కప్పండి, గాలి ఆడడానికి కొంచెం సందు వదలండి.

అడుగున ఎరువు కలపని టాప్‌సాయిల్, కోకోపీట్ కలిపి 10 సెంటీమీటర్ల మందాన పోయండి. ఉత్త ఇసుక, గులకరాళ్లు, దేవదారు పొట్టు వద్దు. నీళ్లు మూలల్లో పోయాలి, అడుగు పొర తడిగా ఉండి పైపొర దాదాపు పొడిగా ఉండాలి, పైనంతా బురదైతే డిప్ప కిందివైపు కుళ్లు పడుతుంది. తేమ కొలిచే హైగ్రోమీటర్‌లో 60 నుంచి 80 శాతం మధ్య చూపించాలి. చల్లటి మూలలో తిరగేసిన మట్టి కుండీ సగం ముక్క పెట్టి, దాని కింద తడిపిన స్ఫాగ్నమ్ నాచు వేస్తే పిల్ల ఎక్కువగా అక్కడే పడుకుంటుంది.

వేడి పైనుంచే రావాలి. కింద పెట్టే హీట్ మ్యాట్‌లు కొనకండి, తాబేలు వేడెక్కువైతే మట్టి తవ్వుకుని కిందికి పోతుంది, అక్కడా వేడే ఉంటే పాపం ఎక్కడికి పోతుంది? ఒక చివర బల్బు, దాని కింద పలకరాయి, రాయి మీద 32 నుంచి 35 డిగ్రీలు. రెండో చివర 20 నుంచి 22. రాత్రి గది 18 కంటే చల్లబడితే థర్మోస్టాట్‌కి కలిపిన సెరామిక్ హీటర్ కావాలి. బల్బుని క్లిప్ మీద నమ్మి వదలొద్దు, గొలుసుతో కూడా కట్టండి, జారి పొడి చెక్క మీద పడితే ఇల్లే అంటుకుంటుంది.

యూవీబీ, అంటే ఎండలో ఉండే ఒక రకం అతినీలలోహిత కిరణాల విషయంలో పిసినారితనం వద్దు. అది లేకపోతే ఒంట్లో విటమిన్ డి3 తయారవదు, డి3 లేకపోతే ఎంత కాల్షియం పెట్టినా ఎముకకి, డిప్పకి పట్టదు. కిటికీ ఎండ చాలదా అని అడుగుతారు, చాలదు, అద్దం యూవీబీని ఆపేస్తుంది. చిన్న చుట్ట బల్బుల కంటే 10 నుంచి 12 శాతం యూవీబీ అని రాసున్న టీ5 రకం సన్నటి ట్యూబ్‌లైట్ మేలు, ప్యాకెట్ మీద రాసిన ఎత్తులోనే బిగించండి, వెలుగుతూనే ఉన్నా ఏడాదికోసారి మార్చండి. బల్బు, ట్యూబ్ రెండూ టైమర్ మీద రోజుకి 12 గంటలు.

ఇదంతా బిగించాక పిల్లని తేకుండా కొన్ని రోజులు ఖాళీ పెట్టెనే నడపండి. థర్మామీటర్‌ని తాబేలు వీపు ఎత్తులో పెట్టి పొద్దున, మధ్యాహ్నం, రాత్రి చూడండి. తేడాలుంటే బల్బు పైకీ కిందికీ జరిపి సరిచేసుకోవడానికి ఇదే టైమ్, పిల్ల వచ్చాక చేస్తే దానికీ టెన్షన్, మీకూ టెన్షన్.

నీళ్లకి కుండీ కింద పెట్టే మట్టి పళ్లెం చాలు, లోతు ఉండకూడదు. అది కాకుండా రోజూ గోరువెచ్చటి నీళ్లలో, గడ్డం దాటకుండా, పావుగంట కూర్చోబెట్టండి.

తిండికి తోటలో మందు కొట్టని డాండెలియన్, ప్లాంటెయిన్ (అరటి కాదు), సో థిజిల్ లాంటి కలుపు మొక్కల ఆకులు, మందార ఆకులు, పూలు. పాలకూర అలవాటు చేయొద్దు, అందులోని ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టనివ్వవు. ఊరి నుంచి వచ్చిన అమ్మమ్మలూ తాతయ్యలూ ప్రేమకొద్దీ అన్నం మెతుకులో అరటిపండు ముక్కో పెట్టబోతారు, వాళ్లకి ముందే చెప్పి ఉంచండి. కాల్షియం పొడి తిండి మీద చల్లుతూ, ఒక కటిల్‌బోన్ (కాల్షియం ఉండే, కటిల్‌ఫిష్ లోపలి గట్టి పెంకు) ముక్క లోపల వేసి ఉంచితే కావలసినప్పుడు కొరుక్కుంటుంది.

రెట్ట రోజూ తీసేయాలి. పట్టుకున్న ప్రతిసారీ పిల్లల చేత సబ్బుతో చేతులు కడిగించండి, తాబేళ్ల నుంచి సాల్మొనెల్లా అనే, కడుపుని పాడుచేసే బ్యాక్టీరియా వస్తుంది. పెట్టె నడుస్తున్న ఆ ఖాళీ రోజుల్లోనే సరీసృపాలని చూసే వెట్ దగ్గరలో ఎవరున్నారో కనుక్కుని నంబర్ రాసి పెట్టుకోండి, కుక్కల్నీ పిల్లుల్నీ చూసే ప్రతి వెట్టూ తాబేళ్లని చూడరు. ముక్కు కారినా, కళ్లు ఉబ్బినా, తిండి మానేసినా అదే రోజు ఫోన్ చేయండి.