ఎండాకాలంలో డెత్ వ్యాలీకా? ముందు ఇవి చూసుకోండి

బెజవాడ ఎండలకే తట్టుకున్నాం, కాలిఫోర్నియా ఎండ ఓ లెక్కా అనుకునేవాళ్ల కోసమే ఇది. ఇన్యో కౌంటీలో, ఇప్పటి డెత్ వ్యాలీ నేషనల్ పార్కులో ఉన్న ఫర్నేస్ క్రీక్‌లో 1913 జూలై 10న 134 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే 56.7 సెల్సియస్ నమోదైంది. ప్రపంచ రికార్డు అదే. పైగా అక్కడిది పొడి ఎండ. చెమట పట్టీ పట్టకముందే ఆరిపోతుంది కాబట్టి ఒంట్లో నీళ్లు తగ్గుతున్న సంగతే తెలియదు. దాహం వేసేదాకా ఆగొద్దు. మనిషికి రోజుకు కనీసం 4 లీటర్ల నీళ్లు, కారులో విడిగా ఇంకో క్యాన్ ఉండాలి. కూలర్‌లో ఉప్పేసిన మజ్జిగ ఉంటే మరీ మంచిది.

బ్యాడ్‌వాటర్ ఉప్పునేల, మెస్కీట్ ఇసుక దిబ్బలు తెల్లవారుజామునే చూసేయండి. పది దాటాక పల్లంలో నడక వద్దు. 2024 జూలైలో ఒక పర్యాటకుడు దిబ్బల మీద చెప్పులు పోగొట్టుకుంటే అరికాళ్లు కాలిపోయాయి. ఆ వేడికి గాలి పలచబడి హెలికాప్టర్ అక్కడ దిగలేకపోయింది కూడా. పిల్లలకు బూట్లే వేయండి, శాండల్స్ కాదు.

నిజానికి అక్కడ ఎండకన్నా ఎక్కువ ప్రాణాలు తీసేది రోడ్డే, అదీ ఎదురుగా ఏ బండీ లేకుండానే. ఖాళీ రోడ్డు కదా అని తొక్కితే మలుపులో పల్టీ కొడుతుంది. ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజిన్ వేడెక్కుతుంటే ఏసీ కట్టేయండి. చాలాచోట్ల సిగ్నల్ ఉండదు, జీపీఎస్ చూపించే మట్టిదారులను నమ్మొద్దు. బండి ఆగిపోతే దాని దగ్గరే ఉండండి. సాయం కోసం నడిచి వెళ్లడమే అసలు ప్రమాదం.

ఆకాశంలో మబ్బు కనిపిస్తే సంబరపడకండి. ఏడాదంతా కలిపి రెండు అంగుళాలు పడే చోట 2023 ఆగస్టులో ఒక్కరోజే అంతకుమించి కురిసింది. రోడ్లు కొట్టుకుపోయి పార్కు దాదాపు రెండు నెలలు మూతపడింది.

మధ్యాహ్నం ఏం చేయాలంటారా? రెండు గంటలు పడమటికి పోతే ఓవెన్స్ వ్యాలీ వస్తుంది. రెండో ప్రపంచయుద్ధంలో పదివేలమందికి పైగా జపనీస్ అమెరికన్లను నిర్బంధించిన మాన్జనార్ శిబిరం అక్కడే ఉంది, ఇప్పుడక్కడ మ్యూజియం ఉంది. ఆ మ్యూజియానికి తీరిగ్గా టైమివ్వండి, ఫొటో దిగి వచ్చేసే చోటు కాదది. మర్నాడు 4,800 ఏళ్లు దాటిన బ్రిసిల్‌కోన్ పైన్ చెట్లున్న కొండకు వెళ్లొచ్చు. పదివేల అడుగుల ఎత్తు కాబట్టి ఆయాసం వస్తుంది, మెల్లగా నడవండి. పైన నీళ్లు, గ్యాస్ (పెట్రోల్) దొరకవు. కింద బిగ్ పైన్ ఊళ్లోనే నింపుకోండి.