కొత్త డిస్క్ కొనే ముందు, కంప్యూటర్ మూత తీసే ముందు

కంప్యూటర్లో చోటు నిండి సీ డ్రైవ్ గీత ఎర్రబడగానే చాలామంది ఆన్‌లైన్‌లో ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని, వేగంగా పనిచేసే డిస్క్) ధరలు చూస్తారు. అంతకన్నా ముందు చూడాల్సింది ఒకటుంది: పెళ్లి ఫొటోలు, పిల్లల సర్టిఫికెట్లు, పొలం కాగితాల స్కాన్లు ఆ కంప్యూటర్లో కాక ఇంకెక్కడైనా ఉన్నాయా? లేకపోతే ముందు ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేయండి. అక్కడి నుంచి నాలుగు ఫైళ్లు తెరిచి కూడా చూడండి.

అసలు మీకు కావాల్సింది చోటా, వేగమా? ఫొటోలు, వీడియోలు దాచుకోవడానికే అయితే మూత తీసే పనే లేదు, ఆ ఎక్స్‌టర్నల్ డిస్క్ చాలు. దాన్ని యూఎస్‌బీ 3 పోర్టుకే పెట్టండి, చాలా కంప్యూటర్లలో లోపల నీలం రంగు ఉంటుంది. పాత యూఎస్‌బీ 2 పోర్టులో సెకనుకు 30, 40 ఎంబీ మించదు, 100 జీబీ ఎక్కడానికి ముప్పావు గంటో, గంటో పడుతుంది. నాలుగైదు వందలకే 2 టీబీ పెన్‌డ్రైవ్ అంటే మాత్రం ఆ పక్కకు పోకండి. లోపల ఉండేది కొద్ది జీబీలే, పైకి 2 టీబీ అని అబద్ధం చూపిస్తుంది. కాపీ అవుతున్నట్టే ఉంటుంది, తర్వాత ఫైళ్లు తెరుచుకోవు.

కంప్యూటర్ ఆన్ కావడానికే ఐదు నిమిషాలు పడుతుంటే ఎస్ఎస్‌డీ వేయాల్సిందే. కొనే ముందు మదర్‌బోర్డు మాన్యువల్ చూడండి. ఎం.2 స్లాట్ (ఎస్ఎస్‌డీ కార్డు పెట్టే సన్నని గాడి) ఉంది కదా అని ఎన్‌వీఎంఈ (వేగం ఎక్కువుండే రకం) కార్డు తెస్తే, కొన్ని పాత బోర్డుల్లో ఆ స్లాట్ సాటా (వేగం తక్కువుండే పాత రకం) కార్డునే గుర్తిస్తుంది. కొన్నిటిలో ఎం.2 కార్డు పెట్టగానే ఒకటో రెండో సాటా పోర్టులు (డిస్క్ కేబుల్ తగిలించే చోట్లు) పనిచేయడం మానేస్తాయి. పాత డిస్క్ పోయిందేమోనని టెన్షన్ పడకుండా కేబుల్‌ను ఇంకో పోర్టుకు మార్చి చూడండి. ల్యాప్‌టాప్ అయితే రెండో స్లాట్ ఉందో లేదో మోడల్ నంబరుతో ముందే వెతుక్కోండి.

ఇప్పుడు నా తెలివితక్కువ పని ఒకటి. కేబుల్ విడిగా ఊడదీసే రకం ఎస్ఎంపీఎస్ (కంప్యూటర్ భాగాలకు కరెంటు ఇచ్చే పెట్టె) నాది. ఒక కేబుల్ తక్కువైతే, అటకమీది పాత ఎస్ఎంపీఎస్ కేబుల్ సరిగ్గా పట్టింది కదా అని తగిలించాను. స్విచ్ వేయగానే కాలిన వాసన. డిస్క్ వైపు పిన్నుల వరస అందరికీ ఒకటే, ఎస్ఎంపీఎస్ వైపు మాత్రం కంపెనీకో తీరు, ఒక్కోసారి మోడల్‌కో తీరు. 5 వోల్టులు రావాల్సిన చోట 12 వచ్చాయి. బ్యాకప్ ఉండబట్టి ఇంట్లో తిట్లు తగ్గాయి, డిస్క్ డబ్బులు మాత్రం పోయాయి. మీ ఎస్ఎంపీఎస్‌తో వచ్చిన కేబులే వాడండి.

మూత తీసే ముందు ప్లగ్ పీకి, పవర్ బటన్ కాసేపు నొక్కి పట్టుకోండి. కేబినెట్ ఇనుప భాగాన్ని ముట్టుకుని పని మొదలుపెట్టండి.

పాత డిస్క్‌లో ఉన్నది ఉన్నట్టుగా కొత్తదానికి క్లోన్ చేస్తుంటే దిశ తప్పడమే అన్నిటికన్నా పెద్ద ప్రమాదం. ఖాళీ డిస్క్‌ను నిండు డిస్క్ మీదికి కాపీ చేశారంటే ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది. రెండూ ఒకే సైజయితే పొరపాటు ఇంకా తేలిక. అందుకే రెండిటి మోడల్ పేర్లు కాగితం మీద రాసుకుని, బటన్ నొక్కే ముందు ఇంట్లో ఇంకొకరిని పిలిచి చదివించండి. కరెంటు పోయే వేళల్లో, యూపీఎస్ లేకుండా ఈ పని పెట్టుకోవద్దు. విండోస్‌లో బిట్‌లాకర్ (డిస్క్‌కు తాళం వేసే సదుపాయం) ఆన్‌లో ఉంటే 48 అంకెల రికవరీ కీ ముందే రాసి పెట్టుకోండి. అది లేకపోతే మీ డిస్క్ మీకే తెరుచుకోకపోవచ్చు.

పాత డిస్క్‌ను వెంటనే ఫార్మాట్ చేయకండి. తారీఖు రాసి, నెల రోజులు బీరువాలో ఉంచండి.

అన్నట్టు, 1 టీబీ కొంటే విండోస్‌లో 931 జీబీయే కనిపిస్తుంది. కంపెనీ వెయ్యితో లెక్కేస్తుంది, విండోస్ 1024తో లెక్కేస్తుంది. దానికోసం షాపువాడితో గొడవకు దిగకండి.