ఆదివారం సాక్ష్యం చెప్పే ముందు

దేవుడు మీకు చేసిన మేలు గురించి చర్చిలో అందరి ముందు చెప్పబోతున్నారా? మైకు చేతికి రాకముందే, శనివారం రాత్రే ఇవి చూసుకోండి.

• జరిగింది జరిగినట్టే రాసి పెట్టుకోండి. మూడు రోజుల జ్వరాన్ని నెల రోజులు చేయకండి. మందులు వాడి ఉంటే ఆ మాటా చెప్పండి. దానివల్ల దేవుని మహిమ తగ్గదు. దాచితేనే ప్రమాదం. మీ మాట విని, వెనక చాప మీద కూర్చున్న షుగర్ ఉన్న పెద్దమ్మ మాత్రలు మానేయవచ్చు. నాకు అన్నిటికంటే భయం ఇదే.

• బైబిల్లో అపొస్తలుల కార్యములు 5వ అధ్యాయం మళ్లీ చదవండి. అందులో అననీయ అనే విశ్వాసి పొలం అమ్మాడు. ఆ డబ్బు ఏం చేయాలన్నది అతని ఇష్టమేనని యేసు శిష్యుడు పేతురే అన్నాడు. కొంత దాచుకుని, అంతా ఇచ్చినట్టు కనబడటమే అబద్ధమైంది. మీ కానుకైనా, ఉపవాసమైనా ఎంతో అంతే చెప్పండి.

• భర్త తాగుడు, కోడలితో గొడవ లాంటివి వాళ్లను అడగకుండా ఎత్తకండి. ప్రార్థన మనవి పేరుతో ఇంటిగుట్టు బయటపెట్టకూడదు.

• “దేవుడు నాతో చెప్పాడు” అనేముందు ఆగండి. అది మీ ఆలోచనే అయితే “నాకు అనిపించింది” అనండి.

• జవాబు ఇంకా రాకపోతే రాలేదనే చెప్పండి. అలా ఎదురుచూస్తున్నవాళ్లు సంఘంలో ఇంకా ఉంటారు.