విక్టోరియన్ కవిత చదువుదాం – 4వ పాఠం: చెప్పేవాడి మాటల్లో చెప్పనిది

పోయిన పాఠంలో పాదం, అంత్యప్రాస చూశాం. ఈసారి రాబర్ట్ బ్రౌనింగ్ 1842లో ప్రచురించిన ‘మై లాస్ట్ డచెస్’. మొత్తం 56 పాదాలే. ముందు ఒకసారి పైకి చదవండి. కథ అందకపోయినా టెన్షన్ పడొద్దు.

మాట్లాడేది ఒక్కడే, ఇటలీలోని ఫెరారాను ఏలే డ్యూక్. డచెస్ అంటే డ్యూక్ భార్య. మన ఏకపాత్రాభినయం లాంటిదే, కాకపోతే ఎదురుగా ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. అతనెవరో 49వ పాదం దాకా తెలీదు. పెళ్లి సంబంధం మాట్లాడటానికి ఓ కౌంట్ (ఇంకో ప్రభువు) పంపిన మనిషి! అంటే డ్యూక్‌గారు పోయిన భార్య బొమ్మ (గోడ మీది వర్ణచిత్రం) చూపిస్తూనే కొత్త భార్య కట్నం సంగతి ఎత్తుతున్నాడు. ఇది తెలిశాక మళ్లీ మొదటి నుంచి చదివితే ప్రతి మాటా బెదిరింపులా వినిపిస్తుంది.

ఇంతకీ ఆవిడ చేసిన నేరమేమిటి? సూర్యాస్తమయం, ఎవడో తెచ్చిచ్చిన చెర్రీ కొమ్మ, తను ఎక్కి తిరిగే తెల్ల కంచరగాడిద, భర్త ఇచ్చిన కానుక, అన్నిటికీ ఒకేలా సంతోషించింది. 900 ఏళ్ల వంశం పేరు ఇచ్చినవాడికి అది గిట్టలేదు. ‘ఆజ్ఞలిచ్చాను, నవ్వులన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి’ అంటాడు. అంతే. మరుక్షణం ‘లేస్తారా, కిందికి వెళ్దాం’ అని మర్యాద! చంపించాడా, కాన్వెంట్‌లో, అంటే క్రైస్తవ సన్యాసినుల మఠంలో, పెట్టించాడా? తర్వాతెప్పుడో అడిగితే బ్రౌనింగ్ కూడా రెండూ చెప్పాడంటారు. నాకైతే ఆ మర్యాదే ఎక్కువ భయం పుట్టిస్తుంది.

ఇతివృత్తం ‘పురుషాధికారం’ అని రాస్తే పరీక్షలో మార్కులు పడతాయి. అది ఎక్కడ కనిపిస్తోందో కూడా చూపించాలి. బొమ్మ మీది తెర చూడండి. దాన్ని తొలగించేది ఆయనొక్కడే. బతికుండగా ఆ నవ్వు అందరికీ దక్కింది, ఇప్పుడు ఎవరు చూడాలో ఆయన ఇష్టం. ఇది పాతకాలపు ఇటలీ కథే కదా అనుకోకండి. ఇంగ్లండ్‌లో పెళ్లైన స్త్రీకి సొంత ఆస్తి మీద పూర్తి హక్కు 1882 చట్టంతో గానీ రాలేదు.

ప్రాస సంగతి. రెండేసి పాదాలకు అంత్యప్రాస కచ్చితంగా ఉంది. కానీ వాక్యం పాదం చివర ఆగకుండా కిందికి జారిపోతుంది కాబట్టి చెవికి ఆనదు. కబుర్లలా సాగే మాటల కింద ఆ బిగింపు ఉండనే ఉంది.

వచ్చే పాఠానికి రెండు పనులు. డ్యూక్ ‘నా’ అన్న చోటల్లా గీత గీయండి. ఇక, కొత్త పెళ్లికూతురి మాట రాగానే, సముద్రాశ్వాన్ని లొంగదీస్తున్న నెప్ట్యూన్ (రోమన్ల సముద్ర దేవుడు) కంచు బొమ్మ ఎందుకు చూపించాడో మూడు వాక్యాల్లో రాయండి.