కౌన్సిల్, కౌన్సెల్: ఏది ఎక్కడ రాయాలి?

‘కౌన్సిల్’, ‘కౌన్సెల్’ అనే రెండు నామవాచకాలను ఇంగ్లిషు మాతృభాషగా గలవారు ఒకే విధంగా పలుకుతారు కాబట్టి, చెవిని నమ్ముకొని రాస్తే పొరపాటు తప్పదు. అర్థాన్ని చూసుకొనే రాయాలి.

రాయబోయే వాక్యంలో ఆ మాటకు సభ్యులు ఉన్నారో లేదో ముందు చూడండి. సభ్యులు, సమావేశాలు, తీర్మానాలు ఉంటే అది కౌన్సిల్. 1958లో ఏర్పడి, 1985లో రద్దయి, 2007లో మళ్లీ కొలువుదీరిన ఆంధ్రప్రదేశ్ శాసన మండలి, కేంద్ర ఆర్థిక మంత్రి అధ్యక్షతన నడిచే జీఎస్టీ మండలి ఈ కోవలోవే. సలహా అయినా, కోర్టులో కక్షిదారు పక్షాన వాదించే న్యాయవాది అయినా కౌన్సెల్. తీర్పుల్లో ‘పిటిషనర్ తరఫు కౌన్సెల్’ అని కనిపించేది ఇదే. న్యాయవాదులు ఇద్దరున్నా, ముగ్గురున్నా దానికి బహువచన ప్రత్యయం చేర్చరు.

ఇక వర్ణక్రమం. కౌన్సిల్ చివర సి, ఐ, ఎల్ వస్తాయి. కౌన్సెల్ చివర ఎస్, ఈ, ఎల్ వస్తాయి. సలహాలోని ‘స’ను ఎస్‌తో ముడిపెట్టుకుంటే గుర్తుంటుంది. సభ కూడా ‘స’తోనే మొదలవుతుంది కదా అని ఎవరైనా అడ్డుపడవచ్చు, అందుకే కౌన్సిల్‌ను సభతో కాక, సి అక్షరంతో మొదలయ్యే కమిటీతో జతచేసుకోవడం మేలు.

మనవాళ్ల రాతలో ఈ తప్పు ఎక్కువగా దొర్లేది ఇంజినీరింగ్ ప్రవేశాల దగ్గర. ప్రవేశ పరీక్ష బాధ్యత చూసే ఉన్నత విద్యా మండలి కౌన్సిల్. ర్యాంకు వచ్చాక వెబ్ ఆప్షన్లు పెట్టుకొని సీటు కోసం ఎదురుచూసేది కౌన్సెలింగ్. పత్రికల్లోనూ, కళాశాలల ఫ్లెక్సీలపైనా ‘కౌన్సిలింగ్’ అని తరచు కనిపిస్తుంది గాని, ఇంగ్లిషులో కౌన్సిల్ క్రియ కాదు. సలహా ఇవ్వడమనే అర్థంలో క్రియగా వాడేది కౌన్సెల్‌నే కాబట్టి, దాని నుంచి వచ్చిన కౌన్సెలింగ్ ఒక్కటే సరైన రూపం. సీట్ల కేటాయింపును కంప్యూటరే చేస్తున్న ఈ రోజుల్లో అందులో సలహా పాలు ఎంత అన్నది వేరే సంగతి.

ఇదే సూత్రం వ్యక్తులకూ వర్తిస్తుంది. మున్సిపల్ వార్డు నుంచి గెలిచినవారు కౌన్సిలర్. మనోవేదనలో ఉన్నవారికి ధైర్యం చెప్పి దారి చూపేవారు కౌన్సెలర్. ఈ రెండింటిలోనూ మనం బ్రిటిష్ పద్ధతిలో రెండు ఎల్‌లు రాస్తాం, అమెరికన్లు ఒకటే రాస్తారు.

కాన్సుల్ అనే మూడో మాటనూ వీటితో కలిపేసేవారున్నారు. అది విదేశంలో తమ దేశం తరఫున పనిచేసే అధికారి హోదా. అందులో ఓ తరువాత యూ రాదు, నేరుగా ఎన్ వస్తుంది. తల్లిదండ్రులను అమెరికాకు పిలిపించుకొనేవారు హైదరాబాద్‌లోని కాన్సుల్ జనరల్‌కు ఆహ్వాన లేఖ రాస్తూ ‘కౌన్సెల్ జనరల్’ అని సంబోధిస్తే, వీసా అధికారిని వదిలి వకీలును పిలిచినట్లవుతుంది.