న్యూయార్క్‌లో ల్యాండ్‌మార్క్ బిల్డింగ్‌కి (చారిత్రక కట్టడంగా సిటీ గుర్తించినది) పర్మిట్ లేకుండా మార్పులు చేశారని వార్నింగ్ లెటర్ వస్తే, పని ముట్టుకునే ముందు ఇవి చూస్కోండి

- ముందు లెటర్ పూర్తిగా చదవండి. ల్యాండ్‌మార్క్స్ కమిషన్ (ఇలాంటి బిల్డింగ్స్‌ని చూసుకునే సిటీ సంస్థ) వాళ్ళు మామూలుగా ముందు వార్నింగే పంపిస్తారు, ఆ గడువులోపు సరిచేస్తే లేదా పర్మిట్‌కి అప్లై చేస్తే ఫైన్ పడకుండా బయటపడొచ్చు, పక్కన పడేస్తేనే సమన్స్, హియరింగ్ దాకా వెళ్తుంది.

- కంగారులో, పర్మిట్ లేకుండా పెట్టించిన కొత్త కిటికీలు పీకేసి ఇంకోటి పెట్టించకండి, సరిచేసే పనికి కూడా పర్మిట్ కావాలి, లేకపోతే ఒక తప్పు మీద ఇంకో తప్పు. పగిలిన అద్దం మార్చడం, అదే రంగు మళ్ళీ వేయడం లాంటి చిన్న రిపేర్లకి మాత్రం అక్కర్లేదు.

- "అది పాత ఓనర్ చేసిందండీ" అంటే కుదరదు, ఇప్పుడు ఎవరి పేరు మీద ఉంటే వాళ్ళదే బాధ్యత. కొనే ముందే బిల్డింగ్ మీద వయొలేషన్స్ (రూల్స్ దాటినట్టు నమోదైనవి) ఉన్నాయేమో చూస్కోవాలి (ఇది చాలామంది మర్చిపోతారు).

- పాత ఫోటోలు ఉంటే వెతికి పెట్టుకోండి, ముందు ఎలా ఉండేదో చూపించడానికి.

- పెండింగ్ వయొలేషన్ ఉంటే వేరే పనులకి కూడా పర్మిట్ ఆగిపోవచ్చు, నాకైతే ఫైన్ కన్నా ఇదే పెద్ద తలనొప్పి అనిపిస్తుంది.

- పని అయ్యాక ఫోటోలు పంపి, సరిచేశారని కమిషన్ నుంచి కాగితం తీసుకోండి.